పడవకూ తలంటు!

సంక్రాంతికి గోడలకు సున్నం వేయించడం మనకు తెలిసిందే. పడవ అడుగుకు రంగు వేయడం ఎప్పుడైనా చూశారా? ఇంగ్లండులో, సౌతాంప్టన్‌లోని మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు నేను చూశాను. మా మరిదికి ఇరవై రెండు అడుగుల తెరచాప పడవ ఉంది లెండి.

క్రేను రెండు పట్టీలు వేసి దాన్ని పైకెత్తింది. నీళ్ళలో అంత ముద్దుగా కనిపించే పడవకు కింద ఎంత పెద్ద ఇనుప రెక్కో! దాన్ని కీల్ అంటారు. గాలికి పడవ బోల్తా పడకుండా కాపాడేది ఆ బరువే. అడుగంతా పాచి, గవ్వల్లాంటి బార్నకిల్స్. అవి పేరుకుంటే పడవ సాగదు.

అవి అంటుకోకుండా వేసే రంగులో రాగి కలుపుతారు. అంటే విషమేగా! పూర్వం వాడిన తగరపు రంగు ఇంకా ఘోరం. ఆలిచిప్పలు పాడవుతున్నాయని బ్రిటన్ 1987లో చిన్న పడవలకు దాన్ని నిషేధించింది. పెద్ద ఓడలక్కూడా వద్దన్న అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది.

అందుకే మరిది పాత రంగును పొడిగా రుద్దబోతే చెల్లెలు ఊరుకోలేదు. తడిపి రుద్దమంది. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు సరేసరి. ఇంటికొచ్చాక ఆ బట్టల్ని పాప గౌన్లతో కలిపి నాననివ్వలేదు.

మర్నాడు రెండు పూతలు వేశారు. ప్రొపెల్లర్ దగ్గరున్న జింకు ముక్కకు మాత్రం రంగు పూయకూడదట. తను అరిగిపోతూ మిగతా లోహాన్ని కాపాడుతుందట. మరిది ఆ మాట అనగానే చెల్లెలు నాకేసి చూసి నవ్వింది. ఎందుకో మీకు చెప్పాలా?