లా స్టూడెంట్‌కి రిఫరల్ ఎవరిస్తారు?

మా బీటెక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజూ కనిపించేవి రెండే. ఒకటి పుట్టినరోజు కేకులు, రెండోది "రిఫరల్ ఉంటే చెప్పు మామా" అనే మెసేజ్. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం ఆ రెండో రకం మెసేజ్ పుణ్యమే.

మోకిలకి ఇల్లు మారాక, సాయంత్రాలు శంకర్‌పల్లి రోడ్డు మీద తెల్ల చొక్కాల్లో బస్సు కోసం నిలబడ్డ పిల్లలు కనిపిస్తుంటారు. పక్కనే దొంతాన్‌పల్లిలో ఇక్ఫాయ్ క్యాంపస్, అందులో లా స్కూల్ ఉన్నాయి. మరి వీళ్లకి రిఫరల్ ఎవరిస్తారు? లాయరైన నా ఇంటర్ ఫ్రెండ్‌ని అడిగితే నవ్వాడు. "మీ కాలేజీకి కంపెనీలే వస్తాయిరా. మేం సీనియర్‌ని వెతుక్కుంటూ పోవాలి. ఆ సీనియర్ ఎవరో ముందు తెలియాలి కదా!"

వాడి నాన్న చేవెళ్ల దగ్గర కూరగాయలు పండిస్తారు. వాళ్లింట్లో నల్లకోటు వేసిన మొదటివాడు వీడే. ఏడాదిన్నర ఒక సీనియర్ ఆఫీసులో ఫైళ్లు మోస్తే, వచ్చింది పెట్రోలుకి కూడా చాలలేదట. జూనియర్లకి నెలకి పట్టణాల్లో 20 వేలు, గ్రామాల్లో 15 వేలు ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు.

దీనికి తోడు 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలంది. తీర్పు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కానీ ఆ మూడేళ్లు ఇంట్లో ఎవరి డబ్బుతో గడుస్తాయి? నాన్న లాయరైతే బెంగ లేదు. చేవెళ్ల కుర్రాడికి మాత్రం కాలేజీ పాత విద్యార్థుల బోర్డే దిక్కు.

చాలాచోట్ల ఆ బోర్డు పని ఏడాదికో డిన్నర్, ఓ శాలువా, ఓ మెమెంటోతో అయిపోతుంది. న్యాక్ గ్రేడింగ్‌లో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యానికి మార్కులుంటాయి కాబట్టి, కొన్ని సంఘాలు కాగితం కోసమే పుడతాయని నా అనుమానం. హార్వర్డ్ లా స్కూల్ పాత విద్యార్థులు 1886లోనే సంఘం పెట్టుకున్నారు. మన శామీర్‌పేట నల్సార్ మొదలైందే 1998లో. అందులో ఐదేళ్ల కోర్సు తొలి బ్యాచ్ వాళ్లు ఇప్పుడు నలభైల్లో ఉంటారు, జూనియర్లని పెట్టుకునే వయసు.

పెద్ద ఫండ్ లేకపోయినా చేయగలిగేవి ఉన్నాయి. ఏ కోర్టులో మనవాళ్లెవరున్నారు, జూనియర్‌కి ఎంతిస్తారు అన్న లిస్టు ఒక ఎక్సెల్ షీట్ పని. బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 125 దాటకూడదని సుప్రీంకోర్టు 2024 జులైలోనే చెప్పింది. ఆ సంగతి ఫైనలియర్ వాళ్లకి చెప్పడానికి ఒక మెసేజ్ చాలు. కోర్టులో పనికిరాని సిలబస్ గురించి మేనేజ్‌మెంట్ ముందు స్టూడెంట్ నోరెత్తలేడు, బోర్డు మెంబర్ ఎత్తగలడు.

ఇక మా ఏరియా సంగతి. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ మోకిల ప్లాట్లు వేలం వేస్తే గజం లక్ష దాటింది. భూమికి రేటొచ్చిన చోట తగాదా రాకుండా ఉంటుందా? ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పాస్‌బుక్కులో పేరు తప్పు పడ్డ రైతు మాత్రం ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. లా కాలేజీల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండాలి. అందులో స్టూడెంట్లు అర్జీ రాసిపెట్టగలరు కానీ కోర్టులో వాదించలేరు. అక్కడ కావాల్సింది పదేళ్ల క్రితం అదే క్లినిక్‌లో కూర్చుని, ఇప్పుడు లాయరైన మనిషే.

ఒక భయం కూడా ఉంది. తెలిసినవాళ్ల పిల్లలకే తలుపు తీస్తే ఈ బోర్డు ఇంకో చుట్టరికం అవుతుంది. మా రిఫరల్స్‌లోనూ అదే జరుగుతుంది, నేనేం అతీతుణ్ని కాదు. అందుకే ఖాళీ ఉన్న విషయం అందరికీ కనిపించేలా పెట్టాలంటాడు మా వాడు.

పోయిన నెల వాడే వాళ్ల కాలేజీ గ్రూపులో పెట్టాడు: "చేవెళ్ల కోర్టులో జూనియర్ కావాలి. నెలకి పదివేలు. ఎవరైనా అప్లై చేయొచ్చు." పది నిమిషాల్లో ముగ్గురు ఫోన్ చేశారట. వాళ్లలో ఇద్దరు అమ్మాయిలు. ఒకమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "సాయంత్రం శంకర్‌పల్లికి చివరి బస్సు ఎన్నింటికి సార్?"