మార్కులు తగ్గితే మొద్దేనా?

పరీక్షలయి ప్రోగ్రెసు కార్డు చేతికి వచ్చిన రోజున మన ఇళ్ళలో జరిగే విచారణ అందరికీ తెలిసినదే. లెక్కలలో ఇరవై మార్కులు చూసి తండ్రి కళ్ళెర్రజేస్తాడు. "మేష్టారు సరిగా చెప్పరండీ" అంటుంది తల్లి. "ఇంటి దగ్గర చదివించేవాళ్ళు వుండాలి కదా!" అంటారు మేష్టారు. ముగ్గురూ కలిసి చివరికి ఒక్క మాట మీద రాజీ పడతారు: "వీడు మొద్దు." నోరులేని ముద్దాయికి శిక్ష పడిపోతుంది.

పిల్లల మార్కులు నిజంగా దేనివల్ల పెరుగుతాయి? ఈ ప్రశ్నకు మన తెలుగు నేల మీదనే ఒక పెద్ద పరిశీలన జరిగింది. 2005లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు అయిదు జిల్లాలలో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను తీసుకున్నారు. చీట్లు వేసినట్లుగా వాటిని వందేసి చొప్పున అయిదు భాగాలు చేశారు. రెండు భాగాలలో, పిల్లల మార్కులు పెరిగితే ఉపాధ్యాయులకు బోనసు ఇస్తామన్నారు. మూడవ భాగానికి బడికొక కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చారు. నాలుగవ భాగానికి నోటుపుస్తకాలు, పలకలు వగైరాల కోసం డబ్బు ఇచ్చారు. అయిదవ భాగాన్ని వున్నది వున్నట్లే వదిలి, దానితో మిగిలినవాటిని పోల్చి చూశారు.

రెండేళ్ళు గడిచేసరికి బోనసు బడుల పిల్లలు లెక్కలలోను, తెలుగులోను అందరికంటే ముందున్నారు. బోనసుతో సంబంధం లేని సైన్సు, సాంఘికశాస్త్రాలలో కూడా, మార్పేమీ చేయని బడుల పిల్లలకంటే ముందున్నారు. "డబ్బు కోసం ఆ రెండు పాఠాలే రుబ్బించి వుంటారు" అనేవారికి ఇదే జవాబు. ఆ బోనసయినా సగటున ఏడాది జీతంలో నూటికి మూడు వంతుల పాటిదే. పోనీ మేష్టర్లు బడి మానడం తగ్గించారా అంటే, అదీ లేదు! వచ్చిన రోజున ఎక్కువ పని చేశారు. ఇంటిపని ఎక్కువ ఇచ్చారు, బడి వేళ దాటాక కూడా పాఠం చెప్పారు, మాదిరి పరీక్షలు పెట్టారు. అదనపు టీచరున్న బడులలో కూడా చదువు మెరుగుపడింది.

డబ్బిచ్చిన బడుల కథ మాత్రం గృహస్థులు శ్రద్ధగా వినవలసినది. మొదటి ఏడు అక్కడ మార్కులు పెరిగాయి. రెండవ ఏడు ఆ పెరుగుదల లేదు. కారణమేమిటి? బడిలో పుస్తకాలు ఇస్తారని ముందే తెలియగానే, ఇంట్లో పిల్లవాడి చదువుకు పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. చాలీచాలని సంసారాలలో అది తప్పని అనలేము. కాని పిల్లవాడి వరకు ఒక చేతికి వచ్చినది రెండవ చేతినుంచి జారిపోయింది.

ఇక ఆకలి సంగతి. ఖాళీ కడుపుకు ఎక్కాలు ఎక్కవు. ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003లో అది మొదలయింది. అన్నం తిన్న పిల్లవాడు మధ్యాహ్నం పాఠానికి నిలుస్తాడు. అయితే ఆ పాఠం వాడికి అర్థమయ్యేది కూడా కావాలి గదా!

చిక్కంతా ఇక్కడే వున్నది. నాలుగవ తరగతి పిల్లవాడికి కూడికలు రాకపోయినా, పాఠం భాగహారం దగ్గరికి వెళ్ళిపోతుంది. వడోదరా, ముంబయి నగరాల మునిసిపల్ బడులలో "బాలసఖి" అనే పద్ధతి పెట్టారు. ఆ చుట్టుపక్కల వుండే, కొంత చదువుకున్న యువతులు, వెనకబడిన పదిహేను ఇరవై మంది పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టుకుని, వాళ్ళకు రానిచోటి నుంచే మొదలుపెట్టారు. మార్కులు బాగా పెరిగాయి. అందులోనూ ఎక్కువ లాభపడింది మొద్దులనిపించుకున్న పిల్లలే. కాని ఆ సాయం ఆగిపోయిన ఏడాదికి లాభంలో చాలా భాగం కరిగిపోయింది. చదువు ఒకసారి పోసి వదిలేసే నీరు కాదు, రోజూ తడపవలసిన పాదు.

కనుక ఈసారి కార్డు చూసినప్పుడు విచారణ కాస్త వాయిదా వేయండి. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కిందటి తరగతి పుస్తకం చదివించండి. భాగహారం రాకపోతే తీసివేత ఇచ్చి చూడండి. అదీ రాకపోతే కూడిక ఇవ్వండి. ఎక్కడ ఆగాడో తెలుస్తుంది. ఆ సంగతి మేష్టారికి చెప్పండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి కొడుకు పంచాయతీ బడిలో చదువుతూ వుంటే, వాణ్ణి కూడా ఆ అరగంట పక్కన కూర్చోనివ్వండి. వాడికి అడిగేవాళ్ళు లేకపోవచ్చు. తెలివి లేక కాదు.