అటు అయిదున్నర, ఇటు నాలుగున్నర

గత సెమిస్టర్ మా మినీ ప్రాజెక్టు చాలా చిన్నది. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు ఇస్తే దూరం, ప్రయాణ సమయం చెప్పే ప్రోగ్రాం. "ఇందులో ఏముంది, ఒక్క రాత్రి పని" అనుకున్నాం. హైదరాబాద్-ఢిల్లీ ఇచ్చి చూస్తే దూరం సరిగ్గానే వచ్చింది. ధైర్యంగా రివ్యూకి వెళ్లాం.

"ఎక్కడైనా మారుమూల చోటు ఇచ్చి చూపించండి" అన్నారు సార్. మావాడు ఈస్టర్ ద్వీపం అన్నాడు. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో, పెద్ద పెద్ద రాతి విగ్రహాలుండే చిలీ దేశపు ద్వీపం అది. అక్కడి మతవేరి ఎయిర్‌పోర్టు నుంచి చిలీ రాజధాని శాంటియాగోకి మా ప్రోగ్రాం చెప్పిన దూరం 4,350 కి.మీ. అసలు దూరం 3,750. ఆరు వందల కిలోమీటర్లు గల్లంతు!

మేం చేసిందల్లా భూమిని గ్రాఫు కాగితం అనుకుని పైథాగరస్ సూత్రం వాడటమే. రేఖాంశంలో ఒక డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర 111 కి.మీ. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఆ గీతలు దగ్గరపడతాయి: ఈస్టర్ ద్వీపం దగ్గర 99, శాంటియాగో దగ్గర 93. ఢిల్లీ మనకి దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ మా తప్పు బయటపడలేదంతే. హావర్సైన్ ఫార్ములా పెట్టాక దూరం కుదిరింది.

సమయం మాత్రం కుదర్లేదు. దూరాన్ని 880తో భాగిస్తే ఎటు వెళ్లినా నాలుగుంపావు గంటలే రావాలి. నిజంగా అయితే శాంటియాగో నుంచి ద్వీపానికి సుమారు అయిదున్నర గంటలు, తిరుగు ప్రయాణం నాలుగున్నర చిల్లర. ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలుపుకున్నా లెక్క తేలదు. కారణం గాలి. ఆ అక్షాంశాల్లో, విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి బలంగా వీస్తుంది. గంటకి 100 కి.మీ. గాలి అనుకోండి. ఎదురైతే విమానం నేల మీద లెక్కకి 780తో వెళ్తుంది, వెనక నుంచి తోస్తే 980తో. పోనూ రానూ సరిపోతుంది కదా అనకండి, సరిపోదు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి మొత్తం మీద దాదాపు ఏడు నిమిషాలు నష్టమే.

ఆలస్యమయ్యేది ద్వీపానికి వెళ్లేటప్పుడు. భయమంతా అక్కడే ఉంది. శంషాబాద్‌లో పొగమంచు పడితే విమానాన్ని బెంగళూరుకో చెన్నైకో మళ్లిస్తారు. మతవేరికి ఉన్నది ఒకటే రన్‌వే, దగ్గరి ఎయిర్‌పోర్టు మాంగరేవా ద్వీపంలో, 2,600 కి.మీ. అవతల. అందుకే ఇలాంటి ఒంటరి విమానాశ్రయాలకి వెళ్లే జెట్ విమానాలు, అక్కడికి చేరాక ఇంకో రెండు గంటలు ఎగరగలిగే ఇంధనం మోసుకెళ్లాలని అంతర్జాతీయ నిబంధన. సమయం అంచనా తప్పితే ముందు కరిగేది ఆ ఇంధనమే.

(ఆ రన్‌వేని 1980లలో నాసా పొడిగించింది, స్పేస్ షటిల్ అత్యవసరంగా దిగాల్సివస్తే పనికొస్తుందని. ఒక్క షటిల్ కూడా దిగలేదు. పెద్ద విమానాలకి మాత్రం బాగా పనికొచ్చింది.)

రెండో రివ్యూకి మా ప్రోగ్రాంలో ఇంకో గడి చేరింది: గాలి వేగం, దిశ. సార్ దాన్ని ఖాళీగా వదిలేసి ఎంటర్ కొట్టారు. ఈసారి జవాబు ఇవ్వలేదు, "గాలి ఎంత?" అని అడిగింది.