ట్రైనింగ్ ఫ్రీనే.. మరి గంటల లెక్క చూసేదెవరు?

బస్తీలో ఉచిత శిక్షణ కేంద్రం తెరిచారంటే మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఫీజు ఎంత భాయ్?" ఫ్రీ అనగానే ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు ఇచ్చేసి వస్తారు. కోర్సు మొత్తం ఎన్ని గంటలు, అందులో చేత్తో పని నేర్పేది ఎన్ని గంటలు అని అడిగేవాళ్లు చాలా తక్కువ. నిజానికి అడగాల్సింది అదే. ఎందుకంటే ఇలాంటి చాలా కోర్సులకు సర్కారు డబ్బు లెక్కగట్టేది గంటల మీదే.

గంటకు ఇంత అని రేటు

2015లో కేంద్ర ప్రభుత్వం తన నైపుణ్య శిక్షణ పథకాలకు ఉమ్మడి ఖర్చు నిబంధనలు తెచ్చింది. ఒక్కో అభ్యర్థికి, ఒక్కో గంటకు ఇంత అని రేటు పెట్టింది. మెషిన్లు, వర్క్‌షాపు బాగా అవసరమయ్యే కోర్సులకు రూ.38.50, మధ్య రకానికి రూ.33, తక్కువ సామానుతో నడిచేవాటికి రూ.27.50. ఈ రేట్లను తర్వాత పెంచారు.

అప్పటి రేటుతోనే చిన్న లెక్క చూద్దాం. మధ్య రకం కోర్సు, 300 గంటలు. ఒక్కొక్కరికి రూ.9,900. బ్యాచ్‌లో 30 మంది ఉంటే రూ.2,97,000. అంటే "ఫ్రీ" అన్న కోర్సుకు మన అమ్మాయి పేరు మీద దాదాపు పది వేలు ఖర్చు రాస్తున్నారు. ఆ డబ్బు మనందరి పన్నుల్లోంచి వచ్చిందే.

ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన రెండో విడతలో (2016-20) ఈ డబ్బును మూడు వాయిదాల్లో ఇచ్చేలా పెట్టారు. బ్యాచ్ మొదలయ్యాక 30 శాతం, పరీక్ష పాసై సర్టిఫికెట్ వచ్చాక 50 శాతం, ఉద్యోగం దొరికిందని తేలాక 20 శాతం. హాజరుకు ఆధార్ వేలిముద్ర.

పద్ధతి బాగానే ఉంది. కానీ వేలిముద్ర పిల్ల వచ్చిందని మాత్రమే చెబుతుంది. ఆ రోజు మెషిన్ మీద కూర్చుందా, ఊరికే కూర్చుని వచ్చిందా అన్నది చెప్పదు. సెంటర్‌కూ ఇబ్బంది ఉంది. అద్దె, ట్రైనర్ జీతం ముందు పెట్టాలి, ఎక్కువ డబ్బు చివర్లో వస్తుంది. చేతిలో పైసలు తక్కువైతే ముందు కోత పడేది బట్ట, దారం, వైరు లాంటి సామాను మీదే. సామాను లేని గంట కాగితం మీద గంటే, చేతికి మాత్రం కాదు.

ఐటీఐలో లెక్క వేరు

ప్రభుత్వ ఐటీఐలో టీచర్ జీతం నేరుగా బడ్జెట్ నుంచే వస్తుంది. గంటలు మాత్రం జాతీయ సిలబస్ ప్రకారం నడవాలి. 2022కు ముందు ఏడాదికి 1600 గంటలుండేవి. ఆ ఏడాది కొత్త సిలబస్‌లో 1200కు తగ్గించారు. దానికి తోడు కంపెనీలో పని లేదా గ్రూప్ ప్రాజెక్టు కింద 150 గంటలు తప్పనిసరి చేశారు.

రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ తీసుకుంటే మొదటి ఏడాది 840 గంటలు ప్రాక్టికల్, 240 గంటలు థియరీ, 120 గంటలు ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యాలు. అంటే పది గంటల్లో ఏడు గంటలు వర్క్‌షాపులోనే గడవాలి. బాబు రోజూ నోట్సు మాత్రమే రాసుకుని ఇంటికొస్తుంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. కొత్త మెషిన్లు రావడం మంచిదే. అయితే వాటి మీద మన పిల్లలకు ఎన్ని గంటలు దొరుకుతాయన్నదే అసలు విషయం.

హాజరు మన చేతిలో

ఐటీఐ పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరు కావాలి. గంటల్లో చూస్తే 1200లో 240కి మించి పోగొట్టుకోకూడదు. జుమా రోజు గంటన్నర చొప్పున 40 వారాలు పోతే అక్కడికే 60 గంటలు. రంజాన్‌లో సెలవులు, ఇంట్లో పెళ్లిళ్లు కలిస్తే మిగిలేది తక్కువే. అడ్మిషన్ రోజునే ప్రిన్సిపల్‌తో మాట్లాడి, శుక్రవారం టైమింగ్ సర్దుబాటు అవుతుందేమో తెలుసుకోవడం మేలు.

తెలంగాణలో ఈపాస్ ద్వారా ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ 75 శాతం హాజరు షరతు ఉంది. మైనారిటీలకు కుటుంబ ఆదాయ పరిమితి గ్రామాల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. హాజరు తగ్గితే చదువూ, ఫీజూ రెండూ చిక్కులో పడతాయి.

పల్లెల్లోని పేద కుటుంబాలకు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది. 2014లో మొదలైన ఈ పథకంలో 15 శాతం లక్ష్యం మైనారిటీలకు కేటాయించారు. కోర్సు కనీసం 576 గంటలు ఉండాలని నిబంధన పెట్టారు.

గంటలకు ఇప్పుడు ఇంకో విలువ కూడా వచ్చింది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం 30 గంటల చదువుకు ఒక క్రెడిట్. ఏడాదికి 1200 గంటలంటే 40 క్రెడిట్లు.

చేరే ముందు అడగాల్సినవి

- కోర్సు మొత్తం ఎన్ని గంటలు? ప్రాక్టికల్ ఎన్ని?
- ఏ పథకం కింద నడుస్తోంది? డబ్బు ఇచ్చే శాఖ ఏది?
- ఒక్కో మెషిన్‌కు ఎంతమంది పిల్లలు?
- ట్రైనర్ రాకపోతే పోయిన గంటలు మళ్లీ ఎప్పుడు చెబుతారు?

ఫ్రీగా ఇస్తున్నారు కదా, ప్రశ్నలడిగితే సీటు పోతుందేమోనని చాలామంది అమ్మీలు, అబ్బాలు వెనకాడతారు. అది దానం కాదు, మన పిల్లల పేరు మీద విడుదలయ్యే సొమ్ము. రోజూ ఇంటికొచ్చాక "ఈరోజు చేత్తో ఏం చేశావు బేటా?" అని అడిగి, క్యాలెండర్ మీద గంటలు రాసి పెట్టుకుంటే చాలు. నెలాఖరుకు ఆ కాగితంతో సెంటర్‌కు వెళ్లి మాట్లాడొచ్చు.