వైజాగ్ నుంచి భీమిలి వైపు నడక: టెంట్ ఎక్కడ వేయాలో సముద్రాన్నే అడగండి

గత ఎపిసోడ్‌లో బ్యాగ్ ఎలా సర్దుకోవాలో మాట్లాడుకున్నాం కదా. ఈరోజు అసలు నడక గురించి. మేం ముగ్గురం ఆర్కే బీచ్ నుంచి భీమిలికి బయల్దేరాం. మొత్తం పాతిక కిలోమీటర్ల పైనే. మధ్యలో ఒక రాత్రి టెంట్‌లో ఉండాలని ప్లాన్. ఆ రాత్రి చేసిన తప్పు మీరు చేయకూడదనే ఈ వీడియో.

పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టాం. ఎనిమిదయ్యేసరికే కాళ్ళు లాగేశాయి. ఎందుకంటే అప్పుడు పోటు మీద ఉంది సముద్రం. గట్టిగా ఉండే తడి ఇసుకంతా నీళ్ళలోకి పోయింది, మేం పైన పొడి ఇసుకలో నడవాల్సొచ్చింది. మామూలు నేల మీద కంటే పొడి ఇసుకలో నడవడానికి రెండు రెట్లకు పైగా శక్తి కావాలి. అదే ఆటు టైమ్‌లో అయితే తడి ఇసుక రోడ్డులా ఉంటుంది. మధ్యాహ్నం రెండున్నరకి మంగమారిపేట దగ్గర రాతి తోరణం చేరాం, అప్పటికి నీళ్ళు బాగా వెనక్కి వెళ్ళాయి. అక్కడ మాత్రం నడక హాయిగా సాగింది.

లెక్క సింపుల్. మన తీరంలో రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఒక పోటుకీ తర్వాతి ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్నటి టైమ్ ఈరోజు పనికిరాదు. అమావాస్యకి, పౌర్ణమికి సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి, అప్పుడు పోటు ఇంకా ఎక్కువ.

మేం వెళ్ళింది సరిగ్గా పౌర్ణమి రోజు! సాయంత్రం ఐదింటికి చదునైన జాగా చూసి టెంట్ వేసేశాం. నీళ్ళు చాలా దూరంలో ఉన్నాయి, ఇంకేం భయం అనుకున్నాం. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చూసి, "ఏటి బాబూ, ఇక్కడ పడుకుంటారేటి? పున్నమి కదా, పైకి పొండి" అన్నాడు. సరే తాతా అని నవ్వి ఊరుకున్నాం. తొమ్మిది దాటాక ఒక అల వచ్చి టెంట్ లోపలికే దూరింది. బ్యాగులు, ఫోన్లు పట్టుకుని చీకట్లో పరుగు. ఒక ఫోన్ పోయింది, మనుషులం మిగిలాం.

వైజాగ్ దగ్గర పెద్ద పోటుకీ ఆటుకీ ఎత్తులో తేడా సుమారు ఒకటిన్నర మీటరే. కానీ తీరం చదునుగా ఉంటే ఆ కొంచెం ఎత్తుకే నీళ్ళు చాలా లోపలికి వచ్చేస్తాయి. మరి ఎలా తెలుస్తుంది? ఇసుక మీద నాచు, పుల్లలు, గవ్వలు ఒక గీతలా పడి ఉంటాయి. అది క్రితం పోటు వచ్చిన హద్దు. దానికి బాగా పైన, పడవలు లాగి పెట్టిన చోటు కంటే కూడా పైన టెంట్ వేయండి. ఊళ్ళోవాళ్ళని అడిగి, లోకల్ పోలీసులకి చెప్పి మరీ వేయండి. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో అలల హెచ్చరికలు చూడండి.

ఎర్రమట్టి దిబ్బల్లో మాత్రం టెంట్ వద్దు. వేల ఏళ్ళపాటు గాలి, నీరు కలిసి పేర్చిన ఇసుక అది. ఇలాంటివి దక్షిణాసియాలో చాలా అరుదు. అడుగు వేస్తే అంచులు రాలిపోతాయి.

ఇంకొకటి. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు బయటికి రాగానే వెలుతురున్న వైపు సముద్రం ఉందనుకుని పాకుతాయి. మీ క్యాంప్‌ఫైర్, మీ ఫోన్ టార్చ్ వాటిని రోడ్డు మీదికి తీసుకెళ్తాయి. ఆ నెలల్లో బీచ్‌లో మంట, లైటు రెండూ వద్దు.

చివరగా, ఒళ్ళు చల్లబడుతుందని ఎక్కడపడితే అక్కడ నీళ్ళలో దిగకండి. లోపలికి లాగే ప్రవాహాలు ఈ తీరంలో ప్రాణాలు తీస్తాయి. ఎమర్జెన్సీ అయితే 112.

ఆ తాత మాట విని ఉంటే ఫోన్ ఉండేది ఫ్రెండ్స్. యాప్ కంటే ముందు ఆ ఊరి మనిషిని అడగండి. మళ్ళీ కలుద్దాం, బై!