మొదట్లోనూ చివర్లోనూ జాగ్రత్త: డిప్రెషన్ మందుల వాడకం

డిప్రెషన్ మందుల వ్యాపార చరిత్రలో అమీర్‌పేటకు ఒక చోటు ఉంది. ఎలై లిల్లీ కంపెనీ ప్రోజాక్ పేరుతో అమ్మిన ఫ్లూక్సెటిన్‌పై పేటెంటు రక్షణ తొలగినప్పుడు, 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌ను జెనెరిక్‌గా, అంటే అదే మందును మరో కంపెనీ తయారీగా, అమెరికాలో 180 రోజులపాటు పోటీ లేకుండా అమ్ముకునే హక్కు 2001 ఆగస్టులో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌కు దక్కింది. కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం అప్పట్లో అమీర్‌పేటలోనే ఉండేది, అలాంటి హక్కు పొందిన తొలి భారతీయ కంపెనీ కూడా అదే. నేడు ఆ పేట మైత్రీవనం చుట్టూ వెలసిన సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లకూ, ఎస్సార్ నగర్, బల్కంపేటల దాకా పరుచుకున్న హాస్టళ్లకూ పేరుపడింది. అక్కడ చేరేవారిలో చాలామంది ఇరవై దాటీ దాటని వారు కాగా, ఈ మందుల విషయంలో అదనపు జాగ్రత్త అవసరమైన వయసు కూడా అదే.

వైద్యులు నేడు ముందుగా రాసేవి చాలావరకు ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు అనే వర్గానికి చెందినవి, ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూక్సెటిన్, పారాక్సెటిన్ అందులోవే. మెదడులో ఒక నాడీకణం నుంచి మరొకదానికి కబురు చేరవేసే సెరటోనిన్ అనే రసాయనాన్ని, విడుదల చేసిన కణమే మళ్లీ పీల్చుకోకుండా ఇవి అడ్డుపడతాయి కాబట్టి, అది కణాల మధ్య ఎక్కువసేపు నిలుస్తుంది. సెరటోనిన్ తగ్గడమే డిప్రెషన్‌కు కారణమన్న పాత వివరణకు గట్టి రుజువులు లేవు గానీ, మందు పనిచేస్తుందనడానికి మాత్రం ఉన్నాయి. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష 522 ప్రయోగాలను, లక్షకు పైగా రోగుల వివరాలను కలిపి చూసి, పరిశీలించిన 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగేననీ, అయితే ఆ మెరుగుదల సగటున ఓ మోస్తరుదేననీ తేల్చింది. ఇవి మత్తుమందులూ కావు, నిద్రమాత్రలూ కావు. మనసు బాగోలేని రోజున ఒకటి వేసుకుని, బాగున్న రోజున మానేస్తే వీటివల్ల ప్రయోజనం ఉండదు.

ఇబ్బందులు ముందు వచ్చి ఫలితం ఆలస్యంగా రావడం ఈ చికిత్సలోని అసలు చిక్కు. వికారం, తలనొప్పి, విరేచనాలు, నిద్ర చెదరడం మొదటి వారంలోనే కనిపించి, చాలామందిలో రెండు వారాల్లో సర్దుకుంటాయి. మనసు తేలికపడటం రెండు నుంచి నాలుగు వారాలకు మొదలై, పూర్తి ఫలితం తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పదో రోజునే ‘ఈ మందు నాకు పడలేదు’ అని మానేసేవారు కష్టం మాత్రం అనుభవించి, ఫలితం అందుకోకుండానే వెళ్లిపోతున్నారన్నమాట.

ఈ తొలి వారాల్లోనే మరో ప్రమాదం పొంచి ఉంటుంది. పిల్లలపై జరిగిన ప్రయోగాల్లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో నూటికి రెండుగా, మందు వాడినవారిలో నూటికి నాలుగుగా కనిపించడంతో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో మందు సమాచార పత్రంలో నల్లగీతల చట్రంతో హెచ్చరిక ముద్రించాలని ఆదేశించి, 2007లో దాన్ని 24 ఏళ్ల వయసు వరకూ పొడిగించింది. ఆ ప్రయోగాల్లో ఎవరూ ప్రాణాలు తీసుకోలేదు, పెద్దలపై జరిగిన ప్రయోగాల్లో 25 దాటినవారికి ఈ పెరుగుదల కనిపించలేదు, 65 దాటినవారిలో అది తగ్గింది కూడా. చికిత్స లేని డిప్రెషన్ అంతకన్నా ప్రమాదకరం గనుక, ఈ హెచ్చరిక చెప్పేది మందు మానమని కాదు, కనిపెట్టి ఉండమని. కానీ హాస్టల్ గదిలో కనిపెట్టి ఉండేదెవరు? మందు మొదలైందన్న సంగతి గదిలో తోడున్న ఒకరికైనా, ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండటం ఇందుకే అవసరం. కాలుగాలిన పిల్లిలా నిలకడ లేకపోవడం, అకారణంగా చిరాకు, చావు మాటలు కొత్తగా కనిపిస్తే ఆ రోజే వైద్యుణ్ని కలవాలి. ఉన్నట్టుండి నిద్రే అక్కర్లేనంత హుషారు, విచ్చలవిడి ఖర్చు కనిపిస్తే అది కోలుకోవడం కాక, బైపోలార్ జబ్బు బయటపడటం కావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే మొదటి రోజే చెప్పాలి. చనిపోవాలనే ఆలోచనలున్నవారి మాత్రలు ఇంట్లోవారి దగ్గర ఉంచి, వారం రెండు వారాలకు సరిపడానే కొనడం మంచిది, ఎందుకంటే అమిట్రిప్టిలిన్ వంటి పాత తరం మందులు మోతాదు మించితే గుండెను ఆపేయగలవు.

మాత్రల స్ట్రిప్‌పై పెద్ద అక్షరాల్లో ఉండే బ్రాండు పేరు కన్నా చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరే ముఖ్యం. పేరు చివర ‘ప్లస్’ అని ఉన్న కొన్నింటిలో ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములతో పాటు క్లోనజిపామ్ 0.5 మిల్లీగ్రాములు కలిసి ఉంటుంది. ఆ క్లోనజిపామ్ ఆందోళనను అప్పటికప్పుడు అణచి నిద్ర పట్టించే వేరే జాతి మందు, వారాల తరబడి వాడితే శరీరం దానికి అలవాటు పడుతుంది, మద్యంతో కలిస్తే శ్వాస మందగిస్తుంది. మత్తు పదార్థాల చట్టం పరిధిలోకి వస్తుంది గనుక అలాంటి స్ట్రిప్‌పై ‘ఎన్‌ఆర్‌ఎక్స్’ అని ఎర్రగా ముద్రిస్తారు. కొద్ది వారాలకని రాసినదాన్ని పాత చీటీతో ఏళ్ల తరబడి కొనుక్కుంటూ, అలవాటైన నింద మాత్రం డిప్రెషన్ మందుపై వేయడం సరికాదు.

ఇతర మందులతో పొసగకపోవడం ఇంకో విషయం. నొప్పులకిచ్చే ట్రమడాల్, పొడిదగ్గు సిరప్‌లలోని డెక్స్ట్రోమెథార్ఫన్, మందులకు లొంగని క్షయకు వాడే లినిజోలిడ్ ఈ డిప్రెషన్ మందులతో కలిస్తే సెరటోనిన్ మితిమీరి వణుకు, చెమటలు, జ్వరం, గుండెదడ, కండరాలు బిగుసుకోవడం రావచ్చు, అది అత్యవసర స్థితి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ తోడైతే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. పెద్ద వయసువారిలో, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు వాడేవారిలో, రక్తంలో సోడియం పడిపోయి మగత, తికమక కలగవచ్చు. లైంగిక ఆసక్తి తగ్గడం చాలామందికి ఎదురయ్యేదే అయినా, సిగ్గుతో వైద్యుడికి చెప్పక గుట్టుగా మందు మానేస్తారు. చెబితే మోతాదో మందో మార్చే వీలుంది.

మానడమూ వైద్యుడి పర్యవేక్షణలో జరగాల్సిన పనే. పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించకపోతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. కోర్సు ముగిసో, ఉద్యోగం వచ్చో ఊరు మారినప్పుడు అమీర్‌పేట యువతకు చికిత్స సులువుగా తెగిపోతుంది గనుక, బయలుదేరే ముందే చీటీ, నెలకు సరిపడా మాత్రలు చేతిలో ఉండాలి. ఒక్కసారిగా ఆపేస్తే తలతిరుగుడు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు జిల్లుమనడం, ఏడుపు, పీడకలలు రావచ్చు. శరీరం నుంచి త్వరగా పోయే పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఇది ఎక్కువ, నిదానంగా పోయే ఫ్లూక్సెటిన్‌తో తక్కువ. మోతాదు 20 మిల్లీగ్రాముల నుంచి 10కి దించినప్పటి కన్నా 5 నుంచి సున్నాకు దించినప్పుడు మెదడుపై ప్రభావం ఎక్కువగా పడిపోతుందని 2019 తర్వాత స్పష్టమైంది కాబట్టి, చివరి మెట్లు మరీ చిన్నవిగా ఉండాలి. ఒకరోజు మరచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. గర్భం వచ్చిందని తెలిసిన మరుక్షణం సొంతంగా మానడమూ మంచిది కాదు.

చీటీ లేకుండా ఈ మందులు అమ్మడం చట్టవిరుద్ధం, దానిపై ఫిర్యాదులు తీసుకునే తెలంగాణ ఔషధ నియంత్రణ పరిపాలన కార్యాలయం అమీర్‌పేట పక్కనే వెంగళరావు నగర్‌లో ఉంది. మానసిక వైద్యులు పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలోనూ ఉన్నారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం పేరును ఎగతాళికి వాడే అలవాటు వల్ల అటు వెళ్లడానికి జంకేవారు ఎందరో గానీ, అక్కడ ఓపీ ఉంటుంది, మందులు ఉచితంగా ఇస్తారు, అమీర్‌పేట నుంచి మెట్రోలో అది మూడో స్టేషన్. అర్ధరాత్రి అవసరమైతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు, అక్కడ తెలుగులో మాట్లాడతారు.