మొద్దు మీది బూజు

ముసురు పట్టిందంటే మన ఇళ్లలో గోడలకు నల్లబూజు, మూలన పెట్టిన తోలుచెప్పులకు తెల్లబూజు. లేవీయకాండము 14వ అధ్యాయంలో అలాంటి గోడ ఒకటుంది. గోడ మీద పచ్చగానో ఎర్రగానో మచ్చ కనబడితే యాజకుడు వచ్చి చూడాలి. ఏడు రోజులు ఇల్లు మూయించి మళ్లీ చూడాలి. అప్పటికి మచ్చ పాకి ఉంటేనే ఆ రాళ్లు ఊడదీయించాలి. మన తెలుగు బైబిల్లో దాన్ని కుష్ఠు అన్నారు గానీ, అది బూజే కావచ్చని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. మచ్చ చూసిన రోజే ఇల్లు కూల్చమనలేదు.

ఆ బూజు బంధువర్గమంతా ఒక్కచోట కనబడాలంటే అడవికే వెళ్లాలి. నిజామాబాద్ జిల్లా బాల్కొండ వైపు పసుపు, మక్క, వరి చేలే ఎక్కువ. గుట్టల మీద మాత్రం టేకు, మోదుగ, తునికి చెట్ల తునకలు కొన్ని మిగిలాయి. వానలు పడ్డాక అలాంటి చోట కూలిన మొద్దు పక్కన కూర్చున్నాము.

మొద్దుకు విసనకర్రల్లాంటి గట్టి గొడుగులు మొలిచాయి. అవి కాయల్లాంటివే. అసలు ఒళ్లు కట్టె లోపల సన్నని దారాలుగా అల్లుకుని, చెట్టును మెల్లగా మట్టిగా మారుస్తుంది. కింద తడిలో పసుపు ముద్దలా కనబడేది వేరే. అది జిగురుబూజు. శిలీంధ్రమూ కాదు, జంతువూ కాదు, మెదడు లేదు, అయినా పాకుతుంది. 2000లో జపాన్‌లో నకగాకి బృందం దాని జాతిని ఒక చిక్కుదారిలో నింపి రెండు చివర్లా ఓట్స్ పెడితే, పక్కదారులన్నీ వదిలేసి దగ్గరి దారిలోనే మిగిలింది!

పక్క బండ మీద బూడిదరంగు పెచ్చులున్నాయి. అది శిలీంధ్రం, నాచు కలిసి చేసే కాపురం. నాచు ఎండతో ఆహారం తయారుచేస్తే శిలీంధ్రం నీడ, తడి ఇస్తుంది. 1860లలో ష్వెండెనర్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు ఈ సంగతి చెబితే సాటివారు చాలాకాలం ఒప్పుకోలేదు. బిర్యానీలో వేసే రాతిపువ్వు ఈ కోవలోదే. అయితే అది చల్లని కొండల నుంచి అంగళ్లకు వస్తుంది, మన గుట్టల మీద గీకి తెచ్చుకునేది కాదు.

ఇక అందరూ వెతికేది పుట్టకొక్కులు. చెదలు పుట్టలో శిలీంధ్రాన్ని సాగుచేస్తాయి. వానకు ఆ తోటలోంచే గొడుగు పైకి లేస్తుంది. రుచి సంగతి చెప్పనక్కరలేదు. కానీ పుట్ట పక్కన మొలిచిందల్లా పుట్టకొక్కు కాదు. కొన్ని కుక్కగొడుగుల్లోని విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటలకో, ఒక్కోసారి మరునాటికో గానీ వాంతులు, విరేచనాలు మొదలుకావు. తరువాత తగ్గినట్టే ఉంటుంది, లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. వెండి చెంచా నల్లబడితే విషమనీ, పురుగు తింటే మంచిదనీ చెప్పే పరీక్షలను నమ్మవద్దు. బాగా తెలిసినవారు గుర్తుపట్టనిది పొయ్యి ఎక్కించవద్దు. అనుమానం వస్తే, తగ్గిందనిపించినా సరే, మిగిలిన ముక్క పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

పుట్టకొక్కుల కోసం ఏటా వెళ్లేవారు కూడా ఆ మొద్దును చెత్త అనే అంటారు. వేసవిలో రాలిన ఆకులకు నిప్పు పెడితే మొద్దు, లోపలి దారాలు కలిసే కాలిపోతాయి. పక్క బండ మీది పెచ్చులూ మాడిపోతాయి. అవి ఏడాదికి పెరిగేది మిల్లీమీటర్లలోనే.